బల్బు వెలగలేదా? దారి ఎక్కడ తెగిందో వెతికించండి

ప్రాథమిక పాఠశాల పిల్లల చేత సెల్లు, బల్బు, తీగలతో చేయించే పనుల గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. ముందుగా ఒక మాట. ఇక్కడ చెప్పిన పనులన్నీ గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లుతో, మహా అయితే అలాంటివి నాలుగింటితో చేసేవి. గోడ సాకెట్టు, ఫోన్ ఛార్జరు, పాత ఫోన్ బ్యాటరీ, బండి బ్యాటరీ, ఇన్వర్టరు – వీటిలో ఏదీ పిల్లల చేతికి రాకూడదు.

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర ప్రాథమిక పాఠశాల. 4, 5 తరగతులు కలిపి 27 మంది. ల్యాబ్ అంటూ ఏమీ లేదు. కొద్ది ఖర్చుతో మొదలుపెట్టాలంటే ఏమేం కొనాలి? మొదటి రోజు ఏం చేయించాలి?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: ముగ్గురికో జట్టు చొప్పున తొమ్మిది జట్లు చేయండి. నలుగుర్ని పెడితే ఒకరు చూస్తూ కూర్చుంటారు. పెన్సిల్ సెల్లు 20, టార్చిలైటులో వేసే 2.5 వోల్టుల మర బల్బులు 12, ప్లాస్టిక్ తొడుగున్న సన్న రాగి వైరు 10 మీటర్లు ఉంటే చాలు. వైరును 20 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, రెండు చివర్లా రెండేసి సెంటీమీటర్లు ముందురోజే మీరే ఒలిచి పెట్టుకోండి. ఆ పని తరగతిలో పెట్టుకుంటే పిల్లలు పళ్లతో లాగుతారు.

సెల్లు కొనేటప్పుడు ఖరీదైన ఆల్కలైన్ రకం వద్దు. మామూలు జింక్ కార్బన్ సెల్లే అడగండి. పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు ప్లస్‌నీ మైనస్‌నీ ఒకే తీగతో కలిపేస్తారు, కలపక మానరు. ఆల్కలైన్ సెల్లయితే ఆ క్షణంలో చాలా కరెంటు వదిలి తీగను చెయ్యి చురుక్కుమనేలా కాల్చేస్తుంది. రీఛార్జి సెల్లు అంతకంటే ప్రమాదం. జింక్ కార్బన్ సెల్లుకి లోపలి నిరోధం ఎక్కువ, అంత కరెంటు ఇవ్వలేదు. ఇక్కడ చవకదే మేలు.

మొదటి రోజు జట్టుకి ఒక సెల్లు, ఒక బల్బు, ఒకే ఒక తీగ ఇవ్వండి. హోల్డరు ఇవ్వకండి. బల్బుకి కరెంటు తగిలే చోట్లు రెండున్నాయన్న అసలు సంగతిని హోల్డరు కప్పేస్తుంది. సామాను ఇవ్వకముందే, బల్బు వెలగాలంటే ఎలా పెట్టాలో పుస్తకంలో బొమ్మ గీయమనండి. ఎక్కువమంది సెల్లు పైనుంచి బల్బు అడుక్కి ఒక్క గీత గీసి ఊరుకుంటారు. కుళాయిలోంచి నీళ్లు వచ్చినట్టు కరెంటు వచ్చి బల్బులో అయిపోతుందని వాళ్ల లెక్క. కొందరు రెండు గీతలు గీసి, రెండు వైపుల నుంచీ వచ్చిన కరెంట్లు బల్బులో గుద్దుకుంటే వెలుగు పుడుతుందంటారు. అప్పుడే దిద్దకండి. సామాను చేతికిచ్చి, ఎవరి బొమ్మ ప్రకారం వాళ్లనే పెట్టి చూడనివ్వండి.

పది నిమిషాలైనా వెలగకపోతే బల్బును దగ్గరగా చూపించండి. అడుగున మధ్యలో సీసం రంగు చుక్క ఒకటి ఉంటుంది. దాని చుట్టూ నల్లటి వలయం, అది కరెంటును పోనివ్వనిది. ఆ పైన మరలు తిరిగిన లోహపు గోడ. లోపల వెలిగే సన్న తీగకి, అంటే ఫిలమెంటుకి, రెండు కాళ్లు. ఒక కాలు ఆ చుక్కకి, ఇంకో కాలు ఆ మరకి అతికి ఉంటాయి. ఈ నిలువుకోత బొమ్మను నల్లబల్ల మీద పెద్దగా వేయండి. చుక్క సెల్లు బొడిపె మీద ఆని, తీగ ఒక కొస సెల్లు అడుగున, రెండో కొస మరకి తగిలితే బల్బు వెలుగుతుంది. ఒకే సెల్లు కాబట్టి ఎర్రగా, మందంగా వెలుగుతుంది. కిటికీ తలుపులు దగ్గరగా వేయండి. వెలిగించిన జట్టుని అక్కడితో వదలకండి. ఇదే సామానుతో మొత్తం నాలుగు రకాలుగా వెలిగించవచ్చు, మిగతా మూడూ కనిపెట్టమనండి.

ఆ తర్వాత ప్రతి పిల్ల చేతా ఒక పని తప్పక చేయించండి. సెల్లు ప్లస్ దగ్గర వేలు పెట్టి, కరెంటు పోయే దారంతా వేలు ఎత్తకుండా నడిపించి, సెల్లు లోపలి నుంచి కూడా పోనిచ్చి, మొదలైన చోటికి తేవాలి. అలా వస్తే అది వలయం, అంటే సర్క్యూట్. రాకపోతే వేలు ఎక్కడ ఆగిందో అక్కడే తప్పుంది. ఈ ఒక్క అలవాటు పడితే ముందు ముందు చేసే ప్రతి పనికీ అదే దారి చూపిస్తుంది.

ఈమధ్య టార్చిలైట్లన్నీ ఎల్‌ఈడీలవి కావడంతో మర బల్బులు అన్ని షాపుల్లో ఉండటం లేదు. రేడియో, టీవీ రిపేరు సామాన్లు అమ్మే పాత షాపుల్లో అడగండి. అక్కడా లేకపోతే పాడైపోయిన బొమ్మకారులోని 3 వోల్టుల మోటారు వాడండి. దాని ఇరుసుకి చిన్న కాగితపు జెండా అంటిస్తే తిరగడం కనిపిస్తుంది. తీగలు తారుమారు చేస్తే రెండోవైపు తిరుగుతుంది, అది బల్బు చూపించలేని సంగతి. ఎల్‌ఈడీతో మాత్రం మొదలుపెట్టకండి. ఎందుకో కింది జవాబులో ఉంది.

ప్రశ్న: మా బాబు కోసం ఎల్‌ఈడీలు తెచ్చాం. 9 వోల్టుల చదరపు బ్యాటరీకి పెట్టగానే ఒక్క మెరుపు మెరిసి పోయింది. రెండోది పెన్సిల్ సెల్లుకి పెడితే అసలు వెలగలేదు. షాపువాడు పాడైనవి ఇచ్చాడా?
– ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: లేదండీ, రెండూ మంచివే అయ్యుంటాయి. ఎర్ర ఎల్‌ఈడీ వెలగాలంటే సుమారు 2 వోల్టులు కావాలి. తెల్లదానికి, నీలిదానికి 3 వరకూ కావాలి. ఒక్క సెల్లు ఇచ్చేది 1.5 కాబట్టి ఏ రంగుదీ వెలగదు. పైగా ఎల్‌ఈడీ కరెంటును ఒక్క వైపే పోనిస్తుంది. పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి. కాళ్లు కత్తిరించేసి ఉంటే అంచును తడిమి చూడండి, ఒక పక్క చదునుగా ఉంటుంది. అది మైనస్ వైపు.

9 వోల్టులకి మాడిపోయింది ఎందుకంటే, తనకు కావలసిన వోల్టేజీ దాటాక ఎల్‌ఈడీ కరెంటును ఆపుకోలేదు. మామూలు చిన్న ఎల్‌ఈడీ తట్టుకునేది 20 మిల్లీ ఆంపియర్లు. ఆపడానికి దారిలో రెసిస్టరు, అంటే కరెంటుకి అడ్డుపడే చిన్న ముక్క, పెట్టాలి. లెక్క తేలికే. 9లోంచి 2 తీసేస్తే 7. మనకు 15 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.015 ఆంపియర్లు చాలు. 7ని 0.015తో భాగిస్తే 467 ఓంలు వస్తుంది (ఓం అంటే ఆ అడ్డుకి కొలత). షాపులో దొరికేది 470 ఓంలు, దాని మీద పసుపు, ఊదా, గోధుమ రంగు చారలుంటాయి. కానీ మీ బాబుకి 9 వోల్టుల బ్యాటరీ అక్కర్లేదు. రెండు పెన్సిల్ సెల్లు, ఎర్ర ఎల్‌ఈడీ, 100 ఓంల రెసిస్టరు (గోధుమ, నలుపు, గోధుమ చారలు) సరిపోతాయి. ఆ చదరపు బ్యాటరీని జేబులో తాళంచెవులతోనూ చిల్లరతోనూ కలిపి వేయనివ్వకండి. రెండు మొనలూ పక్కపక్కనే ఉంటాయి, లోహం తగిలితే నిప్పు పుట్టేంత వేడెక్కుతుంది.

ప్రశ్న: నాణెంలా పల్చగా ఉండే సెల్లుతో ఎల్‌ఈడీ తేలిగ్గా వెలుగుతుంది కదా, రెసిస్టరు కూడా అక్కర్లేదు. గ్రీటింగు కార్డుల్లో పెట్టించవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, సోంపేట

జవాబు: వెలుగుతుంది, నిజమే. ప్రాథమిక తరగతుల్లో మాత్రం వద్దు. మీ బడిపిల్లలు మింగకపోవచ్చు, కార్డు ఇంటికెళ్లాక చంటి తమ్ముడో చెల్లో నోట్లో పెట్టుకుంటారు. ఆ సెల్లు గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను లోపలి నుంచి కాల్చేయగలదు. మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: ఏవి వాహకాలో (కరెంటును పోనిచ్చేవి), ఏవి బంధకాలో (పోనివ్వనివి) తేల్చే పని పెట్టాం. మంచినీళ్లలో తీగలు ముంచితే బల్బు వెలగలేదు. ‘మరి తడి చేత్తో స్విచ్చి ముట్టుకోవద్దని ఎందుకంటారు మాస్టారూ?’ అని ఒక గుంటడు అడిగాడు. సరిగ్గా చెప్పలేకపోయాను.
– ఒక ఉపాధ్యాయుడు, పొందూరు

జవాబు: ఆ పిల్లవాడు అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. టార్చిలైటు బల్బు వెలగాలంటే దాదాపు 300 మిల్లీ ఆంపియర్లు పారాలి. నీళ్ల గుండా అంత పారదు. బల్బు వెలగలేదంటే కరెంటు అసలు పోలేదని కాదు, బల్బుకి చాలినంత పోలేదని అర్థం. బల్బు తీసి మూడు సెల్లు, ఎర్ర ఎల్‌ఈడీ, 150 ఓంల రెసిస్టరు పెట్టండి. ఎల్‌ఈడీకి ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు అందినా మినుకుమంటుంది. ఇప్పుడు అదే గ్లాసులో చెంచాడు ఉప్పు కలపండి, వెలుగు పెరగడం కళ్లతో చూస్తారు. ఇంటి కరెంటు 230 వోల్టులు. అంత తోపుకి తడి చర్మం గుండా ప్రాణం తీసేంత కరెంటు పారగలదు. పిల్లవాడికి ఈ మాటే చెప్పండి: మన బల్బు వెలగని ప్రతి వస్తువూ ఇంటి కరెంటుకి బంధకం కాదు.

పరీక్షించే వస్తువులు ఊళ్లోవే తెమ్మనండి. బుడితి ఇత్తడి గంట, బొబ్బిలి వీణ తీగ, పనస చెక్క ముక్క, పలాస జీడిపిక్క తొక్క, మీ పొందూరు ఖద్దరు నూలుపోగు. నూలుపోగును ముందు పొడిగా, తర్వాత ఉప్పునీళ్లలో తడిపి చూడండి. రంగు వేసిన మేకు వెలిగించదు. కాస్త గరుకు కాగితంతో గీకి అదే మేకును మళ్లీ పెట్టించండి, రంగే అడ్డమని తెలుస్తుంది. పెన్సిల్‌ను రెండు కొసలా చెక్కి సీసం దొరికేలా పెడితే వెలుగు మందంగా వస్తుంది. నిజానికి అది సీసం కాదు, బంకమట్టి కలిసిన గ్రాఫైటు. లోహం కాకపోయినా కరెంటును పోనిస్తుంది.

ఈ పాఠం చివర ఒక హెచ్చరిక తప్పనిసరి, ముఖ్యంగా మన తీరంలో. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపాన్లు వచ్చినప్పుడు స్తంభాలు పడి తీగలు నేల మీద ఉంటాయి. ‘కర్ర బంధకం’ అని తరగతిలో నేర్చుకున్న పిల్లవాడు కర్రతో ఆ తీగను జరపబోతాడు. వానకి తడిసిన కర్ర, 11 వేల వోల్టుల లైను, చుట్టూ తడి నేల, వీటికి మన బల్లమీది పరీక్ష వర్తించదు. దగ్గరికి వెళ్లకూడదు, పెద్దలకి చెప్పాలి, 1912కి ఫోను చేయించాలి. ఇది పిల్లల పుస్తకాల్లో రాయించండి.

ప్రశ్న: నేను ఐదో తరగతి. నిమ్మకాయకి మేకు, రాగితీగ గుచ్చి బల్బు పెట్టాను. వెలగలేదు. నిమ్మకాయ మార్చినా వెలగలేదు. ఎందుకు?
– ఒక చిన్నారి, టెక్కలి

జవాబు: నిమ్మకాయది తప్పేం లేదమ్మా, బల్బు చాలా పెద్ద తిండిపోతు. ఒక నిమ్మకాయ ఇచ్చేది సుమారు 0.9 వోల్టు. పారే కరెంటు ఒక మిల్లీ ఆంపియరు కూడా ఉండదు. బల్బుకేమో 300 కావాలి. వంద నిమ్మకాయలు వరసగా కలిపినా ఆ బల్బు వెలగదు. దాన్ని పక్కన పెట్టి ఎర్ర ఎల్‌ఈడీ తీసుకో.

నాలుగు నిమ్మకాయల్ని కోయకుండా నేల మీద అరచేత్తో నొక్కి దొర్లించు, లోపలి రసం వదులవుతుంది. ఒక్కోదానికి ఒక మేకు, ఒక దళసరి రాగితీగ ముక్క గుచ్చు. మేకు తెల్లగా ఉండాలి, ఇంటి కప్పు రేకులకి వాడే జింకు పూత మేకు. నల్లటి ఇనప మేకయితే వోల్టేజీ తగ్గిపోతుంది. నిమ్మకాయ లోపల మేకూ రాగీ ఒకదానికొకటి తగలకూడదు. మొదటిదాని మేకు నుంచి రెండోదాని రాగికి, రెండోదాని మేకు నుంచి మూడోదాని రాగికి, అలా తీగలతో కలుపుతూ పో. చివరికి ఒక పక్క రాగి, ఇంకో పక్క మేకు ఖాళీగా మిగులుతాయి. ఎల్‌ఈడీ పొడుగు కాలు రాగికి, పొట్టి కాలు మేకుకి పెట్టు. గది చీకటి చేసి చూడు, సన్నగా వెలుగుతుంది. అంకెలు కనిపించే చిన్న డిజిటల్ గడియారం పాడవకుండా ఉంటే రెండు నిమ్మకాయలతోనే నడుస్తుంది.

ఇంకో సంగతి. శక్తి వచ్చేది నిమ్మకాయలోంచి కాదు, మేకు మీది జింకు నెమ్మదిగా కరగడంలోంచి. రసం ఆ రెండు లోహాల మధ్య దారి మాత్రమే. 1800లో వోల్టా అనే ఇటలీ శాస్త్రవేత్త జింకు, రాగి బిళ్లల మధ్య ఉప్పునీటి గుడ్డముక్కలు పేర్చి చేసినదీ ఇదే పని. లోహం కరిగింది కాబట్టి ఆ నిమ్మకాయల్ని పులిహోరలో పిండకూడదు, అమ్మకి చెప్పి పారేయించు.

ప్రశ్న: పిండి ముద్దలతో సర్క్యూట్ చేయించవచ్చని విన్నాం. చపాతీ పిండితో చేస్తే ఎల్‌ఈడీ మందంగా వెలిగి ఆరిపోతోంది.
– ఒక అంగన్‌వాడీ కార్యకర్త, బొబ్బిలి

జవాబు: ఉప్పు చాలలేదు. పిండిలో కరెంటును మోసేది నీటిలో కరిగిన ఉప్పే. మైదా ఒకటిన్నర గ్లాసు, నీళ్లు గ్లాసు, ఉప్పు పావు గ్లాసు, నిమ్మరసం అర గ్లాసు, నూనె పెద్ద చెంచాడు కలిపి, సన్నసెగ మీద గరిటెతో తిప్పుతూ ముద్దయ్యేదాకా ఉడికించండి. ఇది పెద్దవాళ్ల పని. చల్లారాక పొడిపిండి అద్ది మెత్తగా మర్దించండి. మధ్యలో అడ్డుగా పెట్టడానికి రెండో ముద్ద: మైదా ఒకటిన్నర గ్లాసు, పంచదార అర గ్లాసు, నూనె మూడు పెద్ద చెంచాలు, డిస్టిల్డ్ వాటర్ అర గ్లాసు. ఆ నీళ్లు వాహనాల బ్యాటరీలు అమ్మే షాపుల్లో దొరుకుతాయి. కుళాయి నీళ్లలో లవణాలుంటాయి కాబట్టి వద్దు.

ఉప్పు ముద్దలు రెండు, మధ్య సెంటీమీటరు ఎడం. నాలుగు సెల్ల 6 వోల్టులు, ప్లస్ ఒక ముద్దకి, మైనస్ రెండోదానికి. ఎల్‌ఈడీ కాళ్లు చెరో ముద్దలో. ముద్దే రెసిస్టరులా పనిచేస్తుంది, అందుకని ఎల్‌ఈడీని తీసి నేరుగా సెల్లకి పెట్టనివ్వకండి. రెండు ముద్దలూ అంటుకుంటే వెలుగు ఆరిపోతుంది. కరెంటుకి ఎల్‌ఈడీ కంటే తేలికైన దారి దొరికింది. పిల్లలు ముద్దల్ని కలుపుతూ విడదీస్తూ దీన్ని పదిసార్లు చూస్తారు, చూడనివ్వండి. చిన్నపిల్లలకి షార్ట్ సర్క్యూట్ చెప్పడానికి ఇంతకంటే సురక్షితమైన దారి లేదు. కాసేపటికి కాళ్ల చుట్టూ బుడగలు, నల్లని మకిలి చేరి వెలుగు తగ్గుతుంది. కాళ్లను కొత్తచోట గుచ్చండి. పని అయ్యాక ఆ కాళ్లను కడిగి తుడవకపోతే వారంలో తుప్పు తినేస్తుంది.

ప్రశ్న: విజయనగరంలోని మూడు లాంతర్ల స్తంభం నమూనా చేస్తున్నాం, ఎగ్జిబిషన్‌కి. మూడు టార్చి బల్బుల్ని వరసగా కలిపి రెండు సెల్లు పెడితే నిప్పుకణికల్లా ఉన్నాయి. ఒకటి ఊడితే మూడూ పోతున్నాయి. ఎల్‌ఈడీలు పెడితే ఎర్రది వెలుగుతోంది, తెల్లది వెలగడం లేదు.
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: బల్బుల్ని ఒకే దారిలో పేర్చారు. 3 వోల్టులు మూడు బల్బులకి పంచితే ఒక్కోదానికి ఒక్క వోల్టే వస్తుంది. ఒకటి ఊడితే దారే తెగిపోతుంది. పైడితల్లి అమ్మవారి పండక్కి కట్టే పాత రకం సీరియల్ లైట్లలో ఒక బల్బు పోతే వరసంతా ఆరిపోయేది ఇందుకే. (పోలిక చెప్పండి చాలు. 230 వోల్టుల ఆ సెట్టును విప్పి, కోసి మళ్లీ ప్లగ్గులో పెట్టే పని ఎవరూ చేయకూడదు.) మీకు కావలసింది ప్రతి లాంతరుకీ వేరు దారి, అంటే సమాంతర సంధానం.

ఎల్‌ఈడీలది ఇంకో కథ. వేరువేరు రంగులవి రెసిస్టర్లు లేకుండా పక్కపక్కన కలిపితే, తక్కువ వోల్టేజీకే వెలిగే ఎర్రది కరెంటంతా లాగేసి అక్కడి వోల్టేజీని 2 దగ్గరికి దించేస్తుంది. తెల్లదానికి 3 అందవు. ప్రతి ఎల్‌ఈడీకి సొంత రెసిస్టరు పెట్టండి. మూడు సెల్లతో 4.5 వోల్టులు తీసుకుంటే ఎర్రదానికి 180 ఓంలు, తెల్లదానికి 100 ఓంలు సరిపోతాయి.

స్తంభానికి దళసరి అట్ట తీసుకోండి, 30 సెంటీమీటర్ల పొడుగు. ముందువైపు కిందినుంచి పైదాకా వంటింటి అల్యూమినియం ఫాయిల్ పట్టీ ఒకటి, వెనకవైపు ఇంకొకటి. నాలుగు పొరలు మడిచి సెంటీమీటరు వెడల్పు చేయండి, ఒంటిపొర చిరిగిపోతుంది. ముందుది ప్లస్, వెనకది మైనస్. ప్రతి లాంతరులో ఎల్‌ఈడీ, రెసిస్టరు కలిపి ఒక కొస ముందు పట్టీకి, రెండోది వెనక పట్టీకి. అల్యూమినియానికి మామూలు సోల్డరు అంటదు. కాలును పట్టీ మడతలో పెట్టి గట్టిగా నొక్కి, పైన సెల్లోటేపు వేయండి. టేపు పైన మాత్రమే ఉండాలి. కాలుకీ ఫాయిల్‌కీ మధ్యకి జారితే టేపే బంధకమై కూర్చుంటుంది, పైకి మాత్రం అంతా బాగానే కనిపిస్తుంది. స్టేప్లరు కొట్టకండి. పిన్ను అట్టలోంచి దూసుకెళ్లి వెనక పట్టీని తాకిందంటే షార్ట్, మూడు లాంతర్లూ ఒక్కసారిగా ఆరిపోతాయి. మూడూ ఆరితే షార్టు కోసమో, సెల్ల దగ్గరో వెతకాలి. ఒకటే ఆరితే తప్పు ఆ కొమ్మలోనే ఉంది.

స్విచ్చికి అట్టముక్క మీద రెండు డ్రాయింగు పిన్నులు, వాటి మధ్య తిరిగేలా ఒక పిన్నీసు. పిన్నులకి రంగు ప్లాస్టిక్ తొడుగు ఉంటే పనిచేయవు, బోడి లోహపువి కావాలి.

ప్రశ్న: కళింగపట్నం పక్కన మా బడి. పోయినేడు కొన్న సామాను రేకుపెట్టెలో దాచాం. ఇప్పుడు ఏదీ పనిచేయడం లేదు.

జవాబు: రేకుపెట్టెలో సెల్లు విడిగా వేస్తే పెట్టె గోడే రెండు మొనల్నీ కలిపేస్తుంది. ప్లాస్టిక్ డబ్బా వాడండి, హోల్డర్లలోంచి సెల్లు తీసేయండి. తెల్లపొడి కారిన సెల్లును పారేయాల్సిందే, దాన్ని ముట్టుకున్న చేతులు కడుక్కోవాలి. మిగతావి చాలావరకు ఉప్పుగాలికి మకిలి పట్టి ఉంటాయి. తీగ కొసల్ని, బల్బు చుక్కను గరుకు కాగితంతో గీకితే బతుకుతాయి.

ప్రశ్న: పిల్లలకి నిజంగా అర్థమైందో లేదో ఎలా తెలుసుకోవాలి? రాత పరీక్షలో అందరూ ‘వలయం మూసి ఉండాలి’ అని రాసేస్తున్నారు.
– ఒక ఉపాధ్యాయుడు, గజపతినగరం

జవాబు: చెడిపోయిన సర్క్యూట్లు మీరే తయారుచేసి చేతికివ్వండి. ఐదు చాలు. ఒకదాంట్లో రెండు సెల్లలో ఒకటి తిరగేసి ఉండాలి, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా వస్తుంది. ఒకదాంట్లో సెల్లు అడుగున కనిపించని సెల్లోటేపు ముక్క. ఒకదాంట్లో ఎల్‌ఈడీ కాళ్లు తారుమారు. ఒకదాంట్లో మాడిన బల్బు. ఐదోది అన్నిటికంటే గట్టిది. ఒంటితీగ వైరును ఒకేచోట అటూ ఇటూ పాతికసార్లు వంచితే లోపలి రాగి తెగుతుంది, పైన ప్లాస్టిక్ చెక్కుచెదరదు. పనిచేసే సర్క్యూట్‌లో పెట్టి చూసి, నిజంగా తెగిందని ముందే రూఢి చేసుకోండి.

జట్టుకి ఒక మంచి సెల్లు, ఒక మంచి తీగ, ఒక మంచి బల్బు అదనంగా ఇవ్వండి. నియమం ఒక్కటే, ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే వెలిగినా తప్పు ఏదో తెలియదు. పుస్తకంలో మూడు గడులు గీయించండి: ఏది పాడైందనుకున్నాను, ఎలా చూశాను, ఏం తేలింది. మార్కులు మూడో గడికి కాదు, రెండో గడికి వేయండి. మధ్యలో పిల్లలు మీ మొహం చూస్తారు. చెప్పకండి, ‘వేలు పెట్టి దారి నడిపించు’ అని మాత్రం అనండి. ఐదోదాని దగ్గర వేలు ఎక్కడా ఆగదు, దారంతా నిండుగానే కనిపిస్తుంది, అయినా బల్బు వెలగదు. తీగ మార్చి చూడాలన్న ఆలోచన పిల్లల్లోంచే రానివ్వండి. వచ్చాక ఆ తీగను వంచినచోట కోసి, ప్లాస్టిక్ ఒలిచి, రెండు ముక్కలైన రాగిని అందరికీ చూపించండి.